అందరికీ సమాన దూరం న్యాయమేనా?

పీఠిక

స్నేహం మీద వ్యాసం రాయమంటే మనలో చాలామందిమి కర్ణుడి దగ్గరో, కుచేలుడి దగ్గరో మొదలుపెడతాం. కుచేలుడి దగ్గరికి నేనూ వస్తాను, కానీ కొంచెం ఆలస్యంగా. ముందు ఒక చిన్న ప్రశ్న అడగాలని ఉంది. తలా ఒక ఊళ్ళో ఉన్న స్నేహితులు ఒకసారి కలుసుకోవాలంటే ఎవరు ఎవరి దగ్గరికి పోవాలి? ఏ రోజు కలవాలి? ఆ రోజును ఎవరు నిర్ణయించాలి?

పైకి చూస్తే ఇది బస్సు టికెట్ల గొడవలాగా ఉంటుంది. లోపలికి పోయి చూస్తే పెద్ద ప్రశ్నలే ఉన్నాయి. ఎవరి సమయానికి ఎక్కువ విలువ ఇస్తున్నాం? ఎవరి కష్టం మన కంటికి ఆనడం లేదు? అందరినీ సమానంగా చూడడమంటే అందరికీ ఒకే కొలబద్ద పెట్టడమేనా? పౌరశాస్త్రం పాఠాల్లో సమానత్వం అనే మాట ఎన్నోసార్లు చదివాం. ఆ మాటను మా ఆరుగురు స్నేహితుల మీద పెట్టి చూస్తే ఏమవుతుందో ఈ వ్యాసంలో రాస్తున్నాను.

మన హోసూరు పిల్లలకు ఈ ప్రశ్న తొందరగానే ఎదురవుతుంది. మనది మూడు రాష్ట్రాలు దగ్గరయ్యే చోటు. ఇక్కడి నుంచి బెంగళూరు 40 కిలోమీటర్లు. కుప్పం వంద కిలోమీటర్ల లోపే. పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చుని తెలుగులో చదువుకున్నవాళ్ళం, ఆ తర్వాత ఒకరు కర్ణాటకలో, ఒకరు ఆంధ్రప్రదేశ్‌లో, ఒకరు తమిళనాడులోనే ఇంకో మూలలో తేలుతాం.

మా ఆరుగురు

పదో తరగతిలో మేం ఆరుగురం ఒక జట్టు. పేర్లు రాయను, వాళ్ళకు ఇష్టం లేదు. ఊళ్ళతోనే చెబుతాను. నేనూ, ఒక అబ్బాయీ హోసూరులోనే ప్లస్ టూ చదువుతున్నాం. ఒక అమ్మాయిది డెంకణికోట దగ్గర పల్లె, ఆమె ప్లస్ టూ అక్కడే చదువుతోంది. ఒకామె బెంగళూరులో పీయూసీ. ఒకడు కుప్పంలో మేనమామ ఇంట్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. ఐదుగురం చదివేది ఒకే మెట్టు, దానికే మూడు పేర్లు. ఆరో ఆమె చదవడం లేదు. పది పాసయ్యాక వాళ్ళ కుటుంబం పని వెతుక్కుంటూ తిరుప్పూరు పోయింది. ఆమె ఇప్పుడు ఒక బనియన్ కంపెనీలో పని చేస్తోంది. మా ఆరుగురిలో పదో తరగతిలో తెలుగుకు ఎక్కువ మార్కులు వచ్చింది ఆమెకే.

మా సెలవులు కూడా మూడు రకాలు. మాకు సెప్టెంబరు చివర క్వార్టర్లీ పరీక్షల సెలవులు, డిసెంబరు చివర హాఫ్ ఇయర్లీ సెలవులు. బెంగళూరు ఆమెకు పెద్ద సెలవులు దసరాకు. కుప్పం వాడికి దసరాకూ సంక్రాంతికీ. తిరుప్పూరు ఆమెకు వారానికి ఒక ఆదివారం. ఆర్డరు తొందరగా పంపాల్సి వస్తే ఆ ఆదివారమూ ఉండదు.

పది పరీక్షలు అయిపోయిన తర్వాత ఆరుగురం ఒక్కచోట కూర్చోలేదు. ఈసారి ఎలాగైనా కలవాలని అనుకున్నాం. అక్కడి నుంచి లెక్కలు మొదలయ్యాయి.

మూడు లెక్కలు

కలుద్దాం అనగానే ఎవరైనా మొదట చెప్పే మాట "మధ్యలో కలుద్దాం" అని. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. కుప్పం వాడు లెక్కల్లో గట్టివాడు. మూడు బిందువులకు సమాన దూరంలో ఉండే బిందువు కావాలంటే ఏం చేయాలో మనకు జామెట్రీలో చెప్పారు. భుజాలకు లంబ సమద్విఖండన రేఖలు గీయాలి. అవి కలిసే చోటు పరివృత్త కేంద్రం. వాడు పటం మీద బెంగళూరు, హోసూరు, తిరుప్పూరు అని మూడు చుక్కలు పెట్టి, గీతలు గీసి ఫోటో పంపాడు. ఆ మూడు ఊళ్ళతో వచ్చేది అధిక కోణ త్రిభుజం. అధిక కోణ త్రిభుజానికి పరివృత్త కేంద్రం బయట పడుతుందని కూడా చదివాం. మా కేంద్రం ఎక్కడో పడమర దిక్కున, కర్ణాటకలోని చామరాజనగరం దరిదాపుల్లో పడింది.

అక్కడికి మూడు ఊళ్ళ నుంచీ పటం మీద సుమారు 120 కిలోమీటర్లు. రోడ్డు మీద ఇంకా ఎక్కువ. 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగళూరు ఆమే, నేనూ సమానత్వం పేరుతో చెరొక 120 కిలోమీటర్లు పోవాలి. తిరుప్పూరు ఆమె సత్యమంగళం అడవిలో 27 మలుపుల దింబం కనుమ ఎక్కి రావాలి. అక్కడ మాలో ఎవరికీ తెలిసిన ఇల్లు ఒక్కటీ లేదు. కొలత మాత్రం సరిగ్గా సమానం. ఈ పటం చూసి అందరం నవ్వుకున్నాం. కానీ ఒక సంగతి తేలింది. కష్టాన్ని సమానంగా పంచినంత మాత్రాన మంచి ఏర్పాటు అయిపోదు.

రెండో లెక్క ఇంకో రకం. ఒక్కొక్కరి దూరం చూడకుండా, అందరి దూరాలూ కూడితే ఎక్కడ తక్కువ వస్తుందో అక్కడ కలవాలి. ఇందులో మొత్తం డీజిలు, మొత్తం డబ్బు, మొత్తం సమయం ఆదా అవుతాయి. సంఖ్యాశాస్త్రంలో మధ్యగతం గురించి చెప్పారు కదా. ఒకే దారి మీద వరసగా ఉన్నవాళ్ళకు మొత్తం దూరం తక్కువయ్యేది సగటు దగ్గర కాదు, మధ్యగతం దగ్గర. బెంగళూరు నుంచి తిరుప్పూరు దాకా దారి మీద మమ్మల్ని వరసగా నిలబెడితే, ముగ్గురం హోసూరు చుట్టుపక్కలే ఉన్నాం కాబట్టి జవాబు హోసూరు. లెక్క తప్పు లేదు. అయితే ఈ లెక్కలో 250 కిలోమీటర్లు దాటిన ప్రయాణం ఒక్కామె నెత్తిన పడుతుంది. మిగతా ఐదుగురం తక్కువ కష్టపడ్డాం కాబట్టి మొత్తం తక్కువగా కనిపిస్తుంది. కూడికలో ఒక్క మనిషి కష్టం కనిపించకుండా పోతుంది.

మూడోది ఓటు. ఎక్కువమంది ఏది అంటే అది. ఆదివారం పొద్దున, హోసూరులో అంటే ఐదుగురికి సరే. ఒక్కరికి కుదరదు. ఐదు పెద్దదా, ఒకటి పెద్దదా? ఓటు వేయడంలో తప్పేమీ లేదు. ఒకసారి ఒకరు ఓడిపోతారు, ఇంకోసారి ఇంకొకరు ఓడిపోతారు, అప్పుడు అది న్యాయమే. ఎన్నిసార్లు ఓటు వేసినా ఒక్కరే ఓడిపోయేటట్టు ఉంటే మాత్రం దాన్ని న్యాయం అనడానికి నాకు నోరు రాదు.

ఈ విషయం మన బడి పిల్లలకు ఇంకెవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. తక్కువమంది మాట్లాడే భాష సంగతిని ఎప్పుడూ తల లెక్కతోనే తేల్చకూడదనే కదా, మన రాజ్యాంగం 29, 30 అధికరణాలలో అల్పసంఖ్యాకులకు హక్కులు ఇచ్చింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో సొంత భాషలో చదువు చెప్పే సదుపాయాలు కల్పించాలని 350ఎ అధికరణం చెబుతుంది. ఇక్కడ తెలుగు పలకలు పట్టుకున్న మనం ఆ ఆలోచన నీడలో పెరిగినవాళ్ళం. మన భాషకు కావాలనుకున్న న్యాయాన్ని మన జట్టులోని ఒక్క మనిషికి ఇవ్వకపోతే ఎలా?

కిలోమీటర్లు చెప్పని దూరం

పై మూడు లెక్కల్లోనూ దూరాన్ని కిలోమీటర్లలోనే కొలిచాం. కానీ మనిషికీ మనిషికీ మధ్య ఉండే దూరం నాలుగు రకాలుగా ఉంటుందని నాకు తోస్తోంది. కిలోమీటర్లు ఒకటి. డబ్బు, సమయం, అనుమతి తక్కిన మూడు.

డబ్బు సంగతి చూడండి. తమిళనాడులో 2021 మే నుంచి ఆడవాళ్ళకు సాధారణ టౌన్ బస్సుల్లో టికెట్ లేదు. కర్ణాటకలో 2023 జూన్‌లో శక్తి పథకం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో స్త్రీశక్తి వచ్చింది. మూడు రాష్ట్రాలూ ఇచ్చాయి, అయినా మూడింటికీ హద్దు ఉంది. బెంగళూరు ఆమె అత్తిబెలె దాకా టికెట్ లేకుండా వస్తుంది, రాష్ట్రం దాటగానే పర్సు తీయాలి. డెంకణికోట ఆమె టౌన్ బస్సులో ఉచితంగా వస్తుంది. తిరుప్పూరు ఆమె ఎక్కేది దూరపు బస్సు కాబట్టి పూర్తి చార్జీ ఇవ్వాలి. కుప్పం వాడు మగపిల్లవాడు, వాడికి ఏ రాష్ట్రంలోనూ ఉచితం లేదు. ఒకే దూరానికి ఒకరికి సున్నా, ఒకరికి పూర్తి చార్జీ.

సమయం ఇంకో సంగతి. నేను ఒక ఆదివారం బయటికి పోతే నాకు పోయేది చదువుకునే నాలుగు గంటలు, దాన్ని రాత్రికి సర్దుకోవచ్చు. తిరుప్పూరు ఆమె ఒక రోజు పని మానేస్తే ఒక రోజు షిఫ్టు కూలి పోతుంది. ఆర్డరు ఉన్న రోజుల్లో అయితే ఒకటిన్నర షిఫ్టు. ఆ డబ్బు ఇంటి అద్దెలోకి పోయే డబ్బు. అంటే ఆమె బస్సు టికెట్టు ధర బస్సులో రాసి ఉన్నంత మాత్రమే కాదు, కూలి కూడా దానికి కలపాలి.

అనుమతి నాలుగోది. డెంకణికోట ఆమె ఊరు దగ్గరే. కానీ సాయంత్రం చివరి బస్సు తప్పితే ఇంటికి పోలేదు, చీకటి పడితే వాళ్ళ నాయన ఒప్పుకోడు. ఆమెను చూస్తే 25 కిలోమీటర్లు కూడా చాలా దూరమే అనిపిస్తుంది. మా జట్టులో అబ్బాయిలు ఇద్దరికీ ఈ దూరం ఉందనే తెలియదు. సాయంత్రం ఆరుకు సినిమా, తర్వాత టిఫిను అని వాళ్ళు సులువుగా ప్లాన్ వేశారు.

ఫోనులో మాట్లాడుకుంటే చాలదా అని మా అన్న అడిగాడు. వీడియో కాల్‌లో నిజంగానే అందరికీ దూరం సున్నా. ఆ పరివృత్త కేంద్రం ఇవ్వలేని సమానత్వం ఫోను ఇస్తుంది. మేం చాలాసార్లు మాట్లాడుకున్నాం కూడా. అందులో ఐదుగురం గట్టిగా నవ్వుతూ ఉంటాం. తిరుప్పూరు ఆమె గొంతు తగ్గించి మాట్లాడుతుంది. వాళ్ళది ఒకే గది ఇల్లు, పొద్దున్నే షిఫ్టుకు లేవాల్సినవాళ్ళు పక్కనే నిద్రపోతుంటారు. దూరం సున్నా అయినా మేం సమానం కాలేదు. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తన నికోమేకియన్ ఎథిక్స్ గ్రంథంలో రెండు భాగాలు స్నేహానికే కేటాయించాడు. దూరం స్నేహాన్ని ఒక్కసారిగా తెంపదు గానీ స్నేహంగా మెలిగే అవకాశాన్ని తీసేస్తుందని, అది చాలాకాలం సాగితే మరుపు వస్తుందని ఆయన ఆలోచన. ఆయన కాలంలో ఫోను లేదు, మనకు ఉంది. అయినా ఒకే పొట్లంలోని బొరుగులు ఆరు చేతులు తీసుకోవడం ఫోనులో కుదరదు.

"ఫోటోలు పంపండి చాలు"

మా గ్రూపులో తారీఖుల గురించి చర్చ జరుగుతుంటే తిరుప్పూరు ఆమె ఒక మెసేజి పెట్టింది. "నా కోసరం ప్లాన్ మార్చద్దు. మీరు కలవండి, ఫోటోలు పంపండి చాలు."

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ మాటే. ఆ మాటను ఉన్నదున్నట్టుగా తీసుకోవడం చాలా సులువు. ఆమే వద్దంది కదా అనుకోవచ్చు. మన మనసుకు ఏ బరువూ ఉండదు. కానీ ఎవరైనా ఒకరు "నన్ను వదిలేయండి" అని మర్యాదగా చెప్పినప్పుడు, అది ఆమె కోరికా, లేక మనకు ఇబ్బంది కలిగించకూడదని ఆమె చేసిన త్యాగమా అని ఆలోచించే బాధ్యత వినేవాళ్ళ మీద ఉంటుంది. అడగకపోవడం వేరు, అక్కర లేకపోవడం వేరు. తక్కువ వీలున్నవాళ్ళు తొందరగా "పర్వాలేదు" అంటారు. ఎందుకంటే ఆ మాట వాళ్ళకు బాగా అలవాటు.

అట్లని ఆమె మాటను కొట్టిపారేసి "నువ్వు రావాల్సిందే" అని బలవంతం చేయడం కూడా న్యాయం కాదు. కూలి పోయేది ఆమెది, మనది కాదు. అందుకని నేను ఫోను చేసి రమ్మని అడగలేదు. "నీ రోజులు నీ చేతిలో ఉండేది ఎప్పుడు?" అని అడిగాను. కొంచెంసేపు ఆగి చెప్పింది. దీపావళికీ, పొంగలికీ కంపెనీలు మూస్తారు. పొంగలికి వాళ్ళు బాగలూరు వైపు ఉన్న అవ్వగారి ఊరికి వస్తారు. "ఆ నాలుగు దినాలు నావి. మిగతావి కంపెనీవి" అంది.

మాకు ఏడాదిలో ఎన్నో ఆదివారాలు ఉన్నాయి. ఆమెకు ఉన్నవి ఆ కొన్ని దినాలే. ఏ రోజు కలవాలన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

చీటీల పరీక్ష

ఇది జాలితో చేసే పని అని ఎవరైనా అనవచ్చు. నేను న్యాయం అంటున్నాను. ఎందుకో చెబుతాను.

జాన్ రాల్స్ అని అమెరికాలో ఒక తత్వవేత్త ఉండేవారు. 1971లో ఆయన న్యాయం గురించి రాసిన పెద్ద పుస్తకం వచ్చింది. సమాజంలో నియమాలు ఎలా పెట్టాలి అన్నదానికి ఆయన ఒక ఊహ చెప్పారు. నియమాలు పెట్టేవాళ్ళకు తాము ఎవరో తెలియకూడదు. ధనికులో పేదలో, బలవంతులో బలహీనులో తెలియకుండా నియమం పెట్టాలి. అప్పుడు ఎవరూ తమకు అనుకూలంగా మాత్రమే పెట్టుకోలేరు.

దాన్ని నేను చీటీల ఆటగా మార్చుకున్నాను. ఆరు చీటీలు రాయండి. బెంగళూరు, కుప్పం, డెంకణికోట, హోసూరు రెండు, తిరుప్పూరు. చీటీలు మడిచి డబ్బాలో వేయండి. చీటీ తీయకముందే కలిసే రోజూ, చోటూ, ఖర్చూ నిర్ణయించండి. తర్వాత తీయండి. మీ చేతికి వచ్చిన చీటీ మీ జీవితం. ఇప్పుడు చెప్పండి, "మామూలు ఆదివారం, సాయంత్రం ఆరుకు, హోసూరులో" అని మీరు నిర్ణయిస్తారా? తిరుప్పూరు చీటీ వస్తే ఏమిటి, డెంకణికోట చీటీ వస్తే ఏమిటి అని నూరుసార్లు ఆలోచిస్తారు. అందరికన్నా తక్కువ వీలున్న మనిషికి కూడా కుదిరే రోజునే పెడతారు. అది జాలి వల్ల కాదు, ఆ మనిషి మనమే కావచ్చు కాబట్టి.

నిజానికి జీవితం కూడా ఒక చీటీల డబ్బాయే. మా ఆరుగురిలో తిరుప్పూరు చీటీ ఆమెకు వచ్చింది. తెలివితో చీటీలు పంచి ఉంటే, తెలుగు వరకైనా, అది నాకు రావాల్సింది.

కుచేలుడి అటుకులు

ఇప్పుడు కుచేలుడి దగ్గరికి వస్తాను. చిన్నప్పుడు ఈ కథ వింటున్నప్పుడు నాకు ఒక సందేహం ఉండేది. కృష్ణుడూ కుచేలుడూ సాందీపని దగ్గర ఒక్కచోట చదువుకున్నారు. ఒకరు రాజయ్యారు, ఒకరు పేదవాడిగా మిగిలారు. రథాలు ఉన్నది కృష్ణుడికి. నడిచి పోయింది కుచేలుడు. రథం ఉన్నవాడు కదా రావాలి?

మా తెలుగు అయ్యవారిని అడిగితే ఆయన నవ్వి, "కుచేలుడు కొంగులో ఏం తీసుకుపోయాడు?" అని ఎదురు అడిగారు. అటుకులు. పిడికెడు అటుకులు. వాటిని ఇవ్వడానికి కుచేలుడు సిగ్గుపడితే కృష్ణుడే లాక్కుని తిన్నాడు. అయ్యవారు అన్నది ఏమిటంటే, కృష్ణుడు రథమెక్కి కుచేలుడి ఇంటికి వచ్చి ధనం ఇచ్చి ఉంటే అది దానం అయ్యేది. కుచేలుడు తన కాళ్ళ మీద నడిచి, తన కొంగులో తనకు తోచింది తెచ్చాడు కాబట్టి అది స్నేహం అయింది.

ఈ జవాబు నా సందేహాన్ని పూర్తిగా తీర్చలేదు. ఒక్కసారైనా కృష్ణుడు వచ్చి ఉంటే బాగుండేదనే నాకు ఇప్పటికీ ఉంది. కానీ జవాబులో ఒక పెద్ద విషయం దొరికింది. తక్కువ వీలున్న స్నేహితుడి కోసం మనం ఎంత సర్దుకున్నా, అతను తెచ్చే అటుకులకు చోటు ఉంచకపోతే అతన్ని అవమానించినట్టే.

తిరుప్పూరు ఆమె పొంగలికి సరే అన్న తర్వాత ఇంకో మాట చెప్పింది. "ఆ దినం టీ, బోండా, కాలే సమోసా అన్నీ నా ఖర్చు. నేను సంపాదించేదాన్ని. మీరంతా ఇంకా మీ నాయన దగ్గర అడుక్కునేవాళ్ళు." గ్రూపులో వెంటనే "వద్దు వద్దు, నీ డబ్బు వద్దు" అని రెండు మెసేజిలు వచ్చాయి. మంచి మనసుతోనే పెట్టారు. నాకు మాత్రం కుచేలుడి కొంగు గుర్తొచ్చింది. ఆమె చెప్పిన దాంట్లో ఒక నిజం ఉంది. ఆరుగురిలో సొంతంగా సంపాదించేది ఆమె ఒక్కతే. చదువు ఆగిపోయిన పిల్ల అని మనం ఆమెను చూస్తున్నాం. ఆమె మనల్ని ఇంకా సంపాదించడం మొదలుపెట్టని పిల్లలుగా చూస్తోంది. రెండు చూపులూ ఒక గదిలో ఎదురెదురుగా కూర్చోవాలి. అందుకే ఆ బోండాలు మేం తినాలి, పార్సిలు కట్టించుకుని ఇంటికి కూడా తీసుకుపోవాలి.

తేరు నాటి తారీఖు

పూర్వం వాళ్ళు ఎలా కలిసేవాళ్ళని మా అవ్వను అడిగాను. అవ్వ పుట్టింది కర్ణాటకలో మాలూరు వైపు పల్లెలో. ఆమె చిన్ననాటి స్నేహితురాళ్ళు పెళ్ళిళ్ళయి తలా ఒక దిక్కు పోయారు. ఫోను లేదు, ఉత్తరం రాసేంత చదువూ లేదు. "మన కొండ మీద చంద్రచూడేశ్వరుని తేరు ఉంది కదమ్మా" అంది అవ్వ. ఏటా తేరు వస్తుంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, కన్నడ సీమ నుంచి, ఆంధ్ర నుంచి జనం వస్తారు. ఏ చెట్టు కింద కూర్చుంటారో అందరికీ తెలుసు. ఎవరినీ ఎవరూ పిలవనక్కర్లేదు. ఒక ఏడు ఎవరైనా కనపడకపోతే, ఏదో అయిందని తెలిసి మనిషిని పంపి కనుక్కునేవాళ్ళు.

ఈ మాటలో చాలా తెలివి ఉంది. తేరుకు తారీఖు పంచాంగం పెడుతుంది, ఏ ఒక్కరి వీలూ పెట్టదు. పిలిచేవాళ్ళూ, పిలుపు అందనివాళ్ళూ అని తేడా ఉండదు. "నా వల్ల మీ ప్లాన్ మారింది" అని ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు. ముందే తెలుసు కాబట్టి డబ్బు కొంచెం కొంచెం దాచుకోవచ్చు, ఇంట్లో అనుమతి నిదానంగా అడగవచ్చు. మేం ప్రతిసారీ కొత్తగా తారీఖు వెతకడం వల్లనే ప్రతిసారీ వీలు లేనివాళ్ళు వీలు లేదని చెప్పుకోవాల్సి వస్తోంది. ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పడం కష్టం. చివరికి చెప్పడమే మానేస్తారు.

అందుకని మేం ఒక తారీఖు పెట్టుకున్నాం. ప్రతి ఏడూ కనుమ నాడు, పొద్దున పదికి, హోసూరులో. డెంకణికోట ఆమె చివరి బస్సుకు ముందే, నాలుగు గంటలకు ముగింపు. ఆరుగురి బస్సు చార్జీలూ కలిపి ఆరుతో భాగిస్తాం. ఈ ఏర్పాటులో కష్టపడేది ఎవరు? కుప్పం వాడికి సంక్రాంతి ఇంటి పండుగ, మేనమామ ఇంట్లో బంధువులంతా వస్తారు. బెంగళూరు ఆమెకు మరుసటి రోజే కాలేజీ. ఇద్దరూ కొంచెం గొణిగారు, కానీ ఒప్పుకున్నారు. వాళ్ళకు ఇబ్బంది ఉంది, దారి కూడా ఉంది. ఇబ్బంది ఉండి దారి లేనివాళ్ళ కోసం, దారి ఉన్నవాళ్ళు ఇబ్బంది పడడమే ఈ ఏర్పాటులోని న్యాయం.

రెండు అభ్యంతరాలు

"స్నేహంలో లెక్కలేమిటి?" అని కొందరు అంటారు. చార్జీలు ఆరుతో భాగించడం చూసి మా అమ్మ కూడా అదే అంది. నా జవాబు ఇది. లెక్క వేయకపోతే లెక్క లేకుండా పోదు. ఎక్కువ వీలున్నవాళ్ళకు అనుకూలంగా అది దానంతట అదే పడిపోతుంది. "ఎవరికి వీలుంటే వాళ్ళు రండి" అనే మాట ఎంతో స్వేచ్ఛగా వినిపిస్తుంది. వీలు లేనివాళ్ళు రావద్దు అనే అర్థం కూడా అందులోనే ఉంది. ఒకసారి కూర్చుని సరిగ్గా లెక్క వేసుకుంటే, ఆ తర్వాత ఏడాదంతా లెక్క మరచిపోయి స్నేహంగా ఉండవచ్చు.

రెండోది మా నాయన అడిగింది. "ఎప్పుడూ ఒకరి కోసమే అందరూ వంగాలంటే ఎన్నేళ్ళు సాగుతుంది?" ఇది గట్టి ప్రశ్న. ఈ నియమం ఒక మనిషి పేరు మీద పెట్టింది కాదు. ఆ ఏడు అందరికన్నా తక్కువ వీలు ఎవరికి ఉందో వాళ్ళ పేరు మీద పెట్టింది. రేపు తిరుప్పూరు ఆమె మళ్ళీ చదువు మొదలుపెట్టవచ్చు. నేనే ఎక్కడో దూరాన పనిలో చేరవచ్చు. డెంకణికోట ఆమెకు పెళ్ళి కావచ్చు, అప్పుడు అనుమతి ఇంకొకరి చేతిలోకి పోతుంది. అప్పుడు కనుమ తారీఖు కూడా మారాల్సి రావచ్చు. నియమం మాత్రం అదే. ఇన్ని చేసినా ఎవరైనా రావడం ఇష్టం లేదంటే, ఆ ఇష్టాన్ని కూడా గౌరవించాలి. రాలేకపోవడానికీ, రాకూడదనుకోవడానికీ తేడా తెలుసుకోవాలంటే ముందు దారి తెరిచి ఉంచాలి. దారి మూసి ఉన్నప్పుడు ఆ తేడా ఎవరికీ తెలియదు.

ముగింపు

మొదట అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. అందరికీ సమానమైన దూరం న్యాయం కాదు. మొత్తం దూరం తక్కువ కావడమూ, ఎక్కువమంది ఓటూ కూడా ఒంటరిగా న్యాయం కావు. రోజును అందరికన్నా తక్కువ వీలున్నవాళ్ళ నుంచి మొదలుపెట్టి నిర్ణయించాలి. ఖర్చును కలిపి పంచుకోవాలి. వాళ్ళు తెచ్చే అటుకులకు ఆకలితో చేయి చాపాలి.

మిత్రులారా, ఇంకొన్ని నెలల్లో మనం కూడా తలా ఒక దిక్కు పోతాం. తెలుగులో కలిసి చదువుకున్న మనకు, పోయిన చోట తెలుగులో మాట్లాడేవాళ్ళు దొరుకుతారో లేదో తెలియదు. పోకముందే మీ జట్టుకు ఒక తారీఖు పెట్టుకోండి. మీలో ఎవరికి అన్నిటికన్నా తక్కువ వీలుంటుందో వాళ్ళను ముందు అడగండి. "రాగలవా?" అని అడిగితే "పర్వాలేదు" అంటారు. "నీ రోజులు ఏవి?" అని అడగండి.

అమ్మా నాయనలకు ఒక మనవి. ఏడాదికి ఒక రోజు, పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా, మీ పిల్లలను ఇలాంటి కలయికకు పంపండి. ముఖ్యంగా ఆడపిల్లలను. ఉపాధ్యాయులకు ఇంకో మనవి. పదో తరగతి తర్వాత బడి మానేసిన మన పాత విద్యార్థులను కూడా వార్షికోత్సవానికి పిలవండి. వాళ్ళు సెలవు పెట్టుకోవడానికి వీలుగా తారీఖు ముందే చెప్పండి.

— ఒక విద్యార్థిని, 12వ తరగతి, తెలుగు మాధ్యమం, హోసూరు